తనకు తానే పరీక్ష పెట్టుకున్న పంతులుగారు

మన బడి స్వర్ణోత్సవ సంఘం వారు ఆరు నెలల కిందట నాకొక పని అప్పజెప్పారు. పూర్వ విద్యార్థుల నిధిలోంచి ఉపాధ్యాయుల శిక్షణకు కొంత సొమ్ము కేటాయించాలని అనుకుంటున్నారట. దానికి ముందు మంచి ఉపాధ్యాయుడంటే ఎవరు, మంచి హెడ్మాస్టరంటే ఎవరు అన్నదానికి ఒక ప్రమాణపత్రం కావాలి. నువ్వు ఇంజనీరువి, ప్రమాణాలు నీకు కొత్త కాదు గదా అని ఆ పని నా నెత్తిన పెట్టారు.

నిజమే, నాకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్ళుగా నా ఉద్యోగమంతా ప్రమాణాల మధ్యే గడిచింది. కాంక్రీటు దిమ్మె పోస్తే 7 రోజులకొకసారి, 28 రోజులకొకసారి నొక్కి చూస్తాం. నిలిస్తే నిలిచినట్టు, పగిలితే పగిలినట్టు. అదే పద్ధతిలో ఒక పట్టిక తయారు చేశాను. 2020 జాతీయ విద్యా విధానం కూడా తిరగేశాను. ఉపాధ్యాయులకు వృత్తి ప్రమాణాలు ఉండాలనీ, ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ పొందాలనీ, ప్రధానోపాధ్యాయులకూ అలాంటి శిక్షణే ఉండాలనీ అందులో ఉంది. నా పట్టికలో హాజరు, సిలబస్ పూర్తి, ఉత్తీర్ణత శాతం, డిగ్రీలు, శిక్షణ గంటలు అని గళ్ళు గీసి, ఒక్కోదానికి మార్కులు వేశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

దాన్ని తీసుకెళ్ళి మనకు తెలుగు చెప్పిన మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని అంతా చదివారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యోగంలో చేరిన ఏడాదికి ఈ పట్టిక నింపి ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పమన్నారు. అంతే. మళ్ళీ పేపరు చదువుకోవడంలో పడ్డారు.

గిడుగు అంటే నాకు తెలిసింది ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు దండ వేసే ఫొటో మాత్రమే. వాడుకభాష కోసం పోరాడారని పాఠంలో చదివాను. ఆయన 31 ఏళ్ళు బడిపంతులుగా పనిచేశారన్న సంగతి మాత్రం నా బుర్రలో లేదు. మాస్టారు ఇచ్చిన హోంవర్కు కనక కొన్ని నెలలు కూర్చుని చదివాను. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. ఇప్పుడది శ్రీకాకుళం జిల్లా, అప్పుడు గంజాం జిల్లా. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. 1875లో, పిల్లవాడికి పన్నెండేళ్ళ వయసులో, ఆయన జ్వరం వచ్చి పోయారు. ఆ తరవాత చదువు విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు బడిలో సాగింది. అక్కడ తోటి విద్యార్థి గురజాడ అప్పారావు. 1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఇంటి బాధ్యతలు మీద పడ్డాయి గనక పైచదువు అక్కడితో ఆగింది. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో 30 రూపాయల జీతం మీద ఫస్టుఫారానికి పాఠాలు చెప్పే పంతులుగా కుదిరారు.

ఇక్కడ ఆగి నా పట్టిక తీశాను. డిగ్రీ లేదు. శిక్షణ పత్రం లేదు. అనుభవం సున్నా. వయసు పదిహేడు దరిదాపుల్లో. నా లెక్కలో ఆయనకు వచ్చిన మార్కులతో మనం ఇంటర్వ్యూకి కూడా పిలిచేవాళ్ళం కాదు.

మరి అక్కణ్ణుంచి ఆయన ఎలా ఎదిగారు? మొదటి మెట్టు అందరికీ తెలిసిన మెట్టే. పగలు పాఠాలు చెప్పుకుంటూ, ఇంటి దగ్గర సొంతంగా చదువుకున్నారు. 1886లో ప్రైవేటుగా ఎఫ్.ఏ. పూర్తిచేశారు. మరో పదేళ్ళ లోపల చరిత్ర ప్రధానాంశంగా బి.ఎ. పట్టా సంపాదించారు. ఈలోగా రాజావారి బడి పెరిగి కళాశాల అయింది. కళాశాల తరగతులకు పాఠం చెప్పే అర్హత రామమూర్తిగారికి అప్పటికే చేతిలో ఉంది. మెట్రిక్ పాసైన ఫస్టుఫారం పంతులు అదే సంస్థలో కాలేజీ అధ్యాపకుడయ్యారు. దీన్ని నా పట్టిక పట్టుకోగలదు. డిగ్రీల గడి ఉంది గదా.

పట్టుకోలేనివి ఆ తరవాతివి. ఆయన చెప్పేది చరిత్ర. పుస్తకంలో ఉన్న రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు వల్లె వేయించి ఊరుకుంటే అడిగే నాథుడు లేడు. కాని ఆయన పుట్టిన ఊరి పక్కనే ముఖలింగం గుళ్ళున్నాయి. ఆ రాళ్ళ మీద శాసనాలున్నాయి. చరిత్ర చెప్పే పంతులు తన ఊరి రాతిని చదవలేకపోవడమేమిటని అనిపించి ఉండాలి. పాత లిపులు తనంతట తాను నేర్చుకుని, ముఖలింగం శాసనాలు స్వయంగా చదివి, గాంగ వంశపు రాజుల మీద ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు. గాంగరాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించారు. దేశంలోని మహా మహా పురాలిపి పండితులు రాసే పత్రిక అది. అందులో ఒక మారుమూల జమీందారీ ఊళ్ళోని పంతులు పేరు కనిపించింది. ఇది చెయ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చేసినందుకు జీతమూ పెరగలేదు.

రెండోది ఇంకా పెద్దది. పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. వాళ్ళ భాష తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు, ముండా భాషల కుటుంబానికి చెందింది. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలని ఆయనకు కోరిక కలిగింది. అప్పటికీ ఇప్పటికీ మనకు తోచే దారి ఒకటే: ఆ పిల్లలకు ముందు మన భాష నేర్పి, తరవాత మన పుస్తకం చేతిలో పెట్టడం. రామమూర్తిగారు ఎదురుదారి పట్టారు. నేర్చుకోవలసిన వాణ్ణి ముందు నేను అనుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఏళ్ళ తరబడి సవర మాట నేర్చుకున్నారు. రాత లేని భాష అది. మన చెవికి అలవాటు లేని ధ్వనులు అందులో ఉన్నాయి. వాటిని సరిగ్గా పట్టుకోవడానికి భాషాశాస్త్రం, ధ్వనిశాస్త్రం పుస్తకాలు చదువుకుని ఆ విద్య కూడా స్వయంగా నేర్చారు. సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించారు.

అందుకు మూల్యం కూడా చెల్లించారు. ఆ కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైను చెవుల మీద దెబ్బకొట్టింది. మాటల ధ్వనుల కోసం జీవితమంతా చెవి ఒగ్గిన మనిషికి చెవుడు వచ్చింది.

ఇది చదివిన రాత్రి నాకు మా తరగతి గుర్తుకొచ్చింది. మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏడో తరగతిలో చివరి బెంచీలో, కొండవైపు ఊరినుంచి వచ్చిన ఒక కుర్రాడు కూర్చునేవాడు. ఏం అడిగినా లేచి నిలబడేవాడే గాని నోరు విప్పేవాడు కాదు. ఒకటి రెండుసార్లు విప్పితే, అతని మాట యాస విని తరగతంతా గొల్లుమంది. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. మొద్దు అని పేరు పడిపోయింది. ఎనిమిదో తరగతిలో అతను కనపడలేదు. ఎందుకు రాలేదని ఎవరమూ అడగలేదు. ఈ సంచిక చివర ఏయే బ్యాచిలో ఎవరెవరు ఏమయ్యారో పెద్ద జాబితా ఉంటుంది. అందులో అతని పేరు ఉండదు. నా పట్టికలో అతను ఉత్తీర్ణత శాతాన్ని కాస్త కిందికి లాగిన అంకె, అంతే. అతనికి పాఠం అర్థం కాకపోతే లోపం ఎక్కడుందని అడిగే గడి నేను గీయలేదు. రామమూర్తిగారు నూరేళ్ళకు పైగా వెనకే ఆ గడి గీసుకున్నారు. దాంట్లో ముందు తన పేరే రాసుకున్నారు.

ఇక అందరికీ తెలిసిన వాడుకభాష ఉద్యమం. దీని మొదలు సాహిత్య సభలో కాదు, బడి తనిఖీలో ఉందని తెలిసి నాకు ఆశ్చర్యం వేసింది. 1906-07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాల బళ్ళకు ఇన్‌స్పెక్టరుగా ఉండేవాడు. చిన్న తరగతుల్లో తెలుగు పాఠాలు జరిగే తీరు ఆయనకు అంతుపట్టలేదు. ఇంట్లో, బజార్లో మనుషులు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు మరొకటి. బతికున్న భాషలో ఇంత ఎడం ఎందుకని విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆయన తనకు తోచిందేదో చెప్పి పంపేయకుండా, ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్ళు గురజాడ, గిడుగు అని చూపించారు.

హెడ్మాస్టర్లకూ తనిఖీ అధికారులకూ ప్రమాణాలు రాయమన్నారు గదా నన్ను. ఈ ఒక్క సంఘటనలో రెండు దొరికాయి. ఒకటి, తనిఖీకి వచ్చినవాడు రిజిస్టర్లు చూసి సంతకం పెట్టి పోకుండా, పిల్లవాడికి పాఠం ఎందుకు ఎక్కడం లేదని అడగడం. రెండు, పై కుర్చీలో ఉన్నవాడు తనకన్నా కింది మెట్టు మీద ఉన్న పంతులుకు ఆ విషయం తనకన్నా బాగా తెలుసునని ఒప్పుకుని దారి ఇవ్వడం. యేట్స్ ఆ ప్రశ్న అడగకపోయినా, అయ్యంగారు ఆ పేర్లు చెప్పకపోయినా గిడుగు పర్లాకిమిడిలో శాసనాలు చదువుకుంటూ ఉండిపోయేవారేమో.

ఆ నలుగురూ కలిసి పని మొదలుపెట్టారు. రామమూర్తిగారు 1911లో ఉద్యోగం నుంచి విరమించుకున్నారు. ఆయనకప్పుడు 48 ఏళ్ళు. నాకన్నా చిన్నవాడు. నిజానికి ఆయన అసలు పని అప్పుడే మొదలైంది. పాత శాసనాలు, వ్యాఖ్యానాలు, వచన గ్రంథాలు వెతికి, జనం మాట్లాడే రూపాలు ఎప్పటినుంచో రాతలోనూ ఉన్నాయని రుజువులు పోగుచేశారు. వ్యాకరణం పేరు చెప్పి అడ్డుపడే పండితుల రాతల్లోనే వ్యాకరణం తప్పిన చోట్లు ఏరి చూపించారు. 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన ప్రచురించారు. అదే ఏడు సవర సేవకు మద్రాసు ప్రభుత్వం రావు బహదూర్ బిరుదిచ్చింది.

ఎదుటి పక్షాన్ని తీసిపారేయడం న్యాయం కాదు. జయంతి రామయ్య పంతులుగారు, వేదం వేంకటరాయ శాస్త్రిగారు వంటి పెద్దలు అటు ఉన్నారు. నోటికొచ్చినట్టు రాయనిస్తే ఊరికో తెలుగు అవుతుందనీ, నన్నయ నాటి నుంచి వచ్చిన కట్టుబాటు చెదిరిపోతుందనీ వాళ్ళ భయం. ప్రమాణం అంటూ ఒకటి ఉండాలన్నది వాళ్ళ వాదన. ఇంజనీరుగా నాకు అది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాటగా అనిపించదు. అయితే రామమూర్తిగారు ప్రమాణమే వద్దనలేదు. చదువుకున్నవాళ్ళు నిత్యం వాడే శిష్టవ్యవహారమే ప్రమాణం అన్నారు. పుస్తకంలోంచి మనిషి మీదికి దిగే ప్రమాణం వద్దు, మనుషుల మంచి వాడుకలోంచి పుట్టి పుస్తకంలోకి ఎక్కే ప్రమాణం కావాలన్నారు. మా రంగంలోనూ పనికొచ్చే ప్రమాణాలన్నీ అలా పుట్టినవే. గదిలో కూర్చుని రాసినవి గదిలోనే ఉండిపోతాయి.

గెలుపు మాత్రం తొందరగా రాలేదు. స్కూలు ఫైనలు పిల్లలు తెలుగు వ్యాసాన్ని ఆధునిక భాషలోనూ రాయవచ్చునని మొదట అనుమతి వచ్చింది. పండితులు గోల చేస్తే అది వెనక్కి పోయింది. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాసిచ్చారు. 1915 నవంబరులో ఆయన పోయారు. చిన్ననాటి స్నేహితుడు, ఉద్యమంలో జోడు పోయాడు. అయినా ఈయన ఆగలేదు. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. అది ఎక్కువకాలం నడవలేదు. ఊరూరా సభలకు తిరిగి, గంటల తరబడి మాట్లాడారు. ఎదుటివాళ్ళ ప్రశ్న చెవికి సరిగా వినపడకపోయినా జవాబు చెప్పడం మానలేదు.

సవర పనీ ఆగలేదు. మొదలుపెట్టిన ముప్ఫై ఏళ్ళకు పైబడ్డాక 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు ప్రభుత్వం వారి ముద్రణలో వచ్చాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్ళు. అప్పటికి ఆయన పర్లాకిమిడిలో లేరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువాళ్ళున్న ఆ ప్రాంతాన్ని అలా కలపడాన్ని ఆయన ఒప్పుకోలేదు. యాభై ఆరేళ్ళు బతికిన ఊరిని వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 15న పత్రికా సంపాదకులకు వాడుకభాష గురించి చివరి విన్నపం చేశారు. సరిగ్గా వారానికి, జనవరి 22న, మద్రాసులో కన్నుమూశారు. ఇవాళ మనం చదివే పేపరు, మన పిల్లల పాఠ్యపుస్తకం, ఈ సంచిక, అన్నీ ఆయన అడిగిన తెలుగులోనే ఉన్నాయి.

ఇంతా చదివాక ఒక ప్రమాదం ఉంది. ఇంకేం, గిడుగు లాంటి పంతుళ్ళు కావాలి, వాళ్ళుంటే పట్టికలూ శిక్షణలూ ఎందుకు అనెయ్యడం. నేనూ ఒక వారం అలాగే అనుకున్నాను. కాని మళ్ళీ ఆలోచిస్తే, ఆయన చేసిందంతా సొంత ఖర్చుతో చేశారు. సొంత రాత్రుళ్ళు, సొంత డబ్బు, చివరికి సొంత చెవులు. నూటికో కోటికో ఒకరు అలా చేస్తారు. మిగిలిన వాళ్ళు మంచివాళ్ళే, తెలివైనవాళ్ళే, కాని ఇంటి అద్దె కట్టాలి, పిల్లల ఫీజులు కట్టాలి, ఎన్నికల డ్యూటీ చెయ్యాలి. వాళ్ళ దగ్గర త్యాగం అడగడం తేలిక. తీరిక ఇవ్వడం కష్టం. వృత్తి ప్రమాణాలు, శిక్షణ ప్రణాళికలు ఎందుకూ అంటే, ఒక గిడుగు ఒంటరిగా నష్టపోయి చేసిన పనిలో కొంతైనా ఒక మామూలు పంతులు నష్టపోకుండా చెయ్యగలగడానికి. అంతకు మించి వాటికి వేరే పని లేదు.

కాబట్టి పట్టిక చింపేయలేదు, తిరగరాశాను. హాజరు, సిలబస్ ఉన్నాయి, ఉండాలి. శిక్షణ గంటల గడి పక్కన మరో మూడు ప్రశ్నలు చేర్చాను. ఈ ఏడాది మీరు కొత్తగా ఏం నేర్చుకున్నారు? మీ తరగతిలో పాఠం ఎక్కని పిల్లవాడు ఎవరు, ఎందుకు ఎక్కడం లేదని మీరు తెలుసుకున్నారు? ఆ పిల్లవాడి కోసం మీరు పాఠంలో ఏం మార్చారు? వీటికి మార్కులు లేవు. జవాబు రాసి తోటి ఉపాధ్యాయుల ముందు చదవాలి, అంతే. హెడ్మాస్టరు కాగితంలో మొదటి ప్రశ్న వేరు: ఈ ఏడాది మీ ఉపాధ్యాయుల్లో ఎవరికి, ఏం నేర్చుకోవడానికి, ఎంత తీరిక ఇచ్చారు?

నిధి సంగతి కూడా సంఘం ముందు పెట్టాను. ఏటా ఒక ఉపాధ్యాయుడికి లేదా ఉపాధ్యాయినికి, తాము కోరుకున్న ఒక విషయం నేర్చుకోవడానికి అయ్యే ఖర్చు మనం భరించాలని, ఆ రోజుల్లో వారి తరగతులు చూసుకోవడానికి మరొకరిని మన ఖర్చుతోనే పెట్టాలని కోరాను. కొండవైపు ఊళ్ళ పిల్లల మాట నేర్చుకుంటామని ఎవరైనా ముందుకు వస్తే మొదటి అవకాశం వారికే ఇవ్వాలన్నాను. దీనికి సభ్యులందరూ ఒప్పుకోవాలి, చెయ్యి కలపాలి.

తిరగరాసిన కాగితం మళ్ళీ మాస్టారికి చూపించాను. ఈసారి ఆయన మూడో ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగారు. తరవాత చివరి బెంచీలో కూర్చున్న ఆ కుర్రాడి పేరు నాకు గుర్తుందా అని అడిగారు. నాకు గుర్తు లేదు. ఆయనకు గుర్తుంది.